గ్యాసు ఇచ్చారు, నేల ఇవ్వలేదు: పెన్సిల్వేనియాలో ఒక ఫ్రాకింగ్ లీజు కేసు

నేను సీపీఏని, లాయర్ని కాదు. పెన్సిల్వేనియా ఈశాన్య కౌంటీల్లో పొలాలున్న కుటుంబాలకి పన్నుల లెక్కలు చూస్తుంటాను. గ్యాస్ లీజు మాట వస్తే ఆ కేసులే చూసే ఒక లాయరుగారితో కలిసి కూర్చుంటాను. ఈ కేసులో ముగ్గురు వాటాదారులు "లీజుకివ్వాలా, వద్దా" అని ఒకే ప్రశ్నతో వచ్చారు, కానీ ముగ్గురి మనసులో ఉన్నది మూడు వేరే ప్రశ్నలు. అది తేలేదాకా మేం చెప్పిన ఏ సలహా పనిచెయ్యలేదు, అందుకే రాస్తున్నా. వాళ్ళ అనుమతి తీసుకున్నాను. ఎకరాలు, కొన్ని అంకెలు, కొన్ని వివరాలు మార్చాను. కౌంటీ పేరూ కంపెనీ పేరూ చెప్పను, దయచేసి అడగకండి.

నేపథ్యం

ఒక బావ, ఒక బావమరిది, వాళ్ళ కాలేజీ ఫ్రెండు. ముగ్గురూ ఎల్‌ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టి సమాన వాటాలతో దగ్గర దగ్గర వంద ఎకరాల పాత డెయిరీ ఫార్మ్ కొన్నారు. కొన్నప్పటి ఉద్దేశం అందరిలాంటిదే: కొంత పెట్టుబడి, కొంత సరదా, మిగతాది రిటైరయ్యాక చూసుకుందాం. కోవిడ్ రోజుల్లో బావమరిది భార్యాపిల్లల్నీ అమ్మానాన్నల్నీ తీసుకుని అక్కడి ఫార్మ్‌హౌస్‌లోకి మారాడు, ఇంక వెనక్కి రాలేదు. మిగతా ఇద్దరూ న్యూజెర్సీలోనే ఉంటారు, వేసవిలో పిల్లల్ని తీసుకుని వచ్చి పోతుంటారు. పొలంలో సగానికి పైగా పక్క రైతు గడ్డి కోసుకుంటాడు. కాగితం ఏమీ లేదు, నోటిమాట మీద నడుస్తోంది. ఇంటికి నీళ్ళు సొంత బోరు నుంచే. భూమి 'క్లీన్ అండ్ గ్రీన్' కింద నమోదై ఉంది కాబట్టి, సాగుభూమిగా లెక్కగట్టి తక్కువ పన్ను వేస్తారు.

2021 చివర్లో గ్యాస్ కంపెనీ తరఫున లీజులు కుదిర్చే ల్యాండ్‌మ్యాన్ వచ్చాడు. ఆ ప్రాంతమంతా మార్సెలస్ షేల్ మీద ఉంది. కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల లోతున గ్యాసు పట్టుకున్న నల్లరాతి పొర అది. నిలువుగా అంత లోతుకి దిగి, అక్కడ అడ్డంగా మలిచి మైలు, రెండు మైళ్ళు తొలిచి, ఒక్కో బావికి అరకోటి గ్యాలన్ల వరకూ, ఒక్కోసారి అంతకు పైగా నీళ్ళు, ఇసుక, రసాయనాలు కలిపి పీడనంతో కొట్టి రాయిని పగలగొడతారు, అదే ఫ్రాకింగ్. ఐదేళ్ళ లీజు, ఇంకో ఐదేళ్ళు పొడిగించుకునే హక్కు కంపెనీకి, సంతకం పెట్టినందుకు ఎకరానికింత అని బోనస్, అమ్మిన గ్యాసు సొమ్ములో ఖర్చులు పోను 18 శాతం రాయల్టీ, అవసరమైతే మన పొలంలోనే వెల్ ప్యాడ్ (బావులు తవ్వడానికి చదును చేసిన స్థలం) వేసుకునే హక్కు. స్థూలంగా ఇదీ ఆఫరు.

మొదటి మీటింగులో నన్ను ఆపేసిన ప్రశ్న అడిగింది వాటాదారులు కాదు, బావమరిది వాళ్ళ నాన్నగారు. పెద్దాయనది కోనసీమ. "మా ఊళ్ళో రిగ్గు వేసినప్పుడు నేలకి కౌలిచ్చారు, పోయిన కొబ్బరిచెట్లకి లెక్కగట్టి ఇచ్చారు. గ్యాసు మాత్రం గవర్నమెంటుదన్నారు. ఇక్కడ గ్యాసు కూడా మనదేనా అండీ?" అన్నారు. అమెరికాలో ప్రైవేటు భూముల్లో మనదే, పాత డీడ్‌లో (అమ్మకం దస్తావేజులో) ఎవరూ భూమి కింది హక్కు తమ దగ్గరే ఉంచుకోకపోతే. "అయితే పాశర్లపూడిలాంటిది జరిగితే కూడా మనదేనా?" అన్నారు. 1995 జనవరిలో అంటుకుని రెండు నెలలకి పైగా మండిన బావి అది, ఆ వెలుగు స్వయంగా చూసిన మనిషి. బావగారు "మావయ్యగారూ, అది వేరు, ఇది వేరు" అని నవ్వేశారు కానీ, బాధ్యత ఎవరిది అన్న ఆ ప్రశ్న లీజులో సగం క్లాజుల సారం.

అసలు సమస్య

బావగారి లెక్క సూటిగా ఉంది. ధర పెరుగుతోంది, కంపెనీ తనంతట తానే వచ్చింది, ఆలస్యం చేస్తే పక్కవాడి కింద తవ్వుకుని పోతుంది. ఫ్రెండు అసలు వద్దన్నాడు. సస్క్వెహానా కౌంటీలోని డిమాక్ గురించి చదివాడు. 2009 మొదలు అక్కడి బోర్లలో మీథేన్ చేరిన గొడవ దేశమంతా తెలిసిందే. పక్కనున్న న్యూయార్క్ రాష్ట్రం 2014లో ఫ్రాకింగ్ నిషేధం ప్రకటించి, 2020లో దాన్ని చట్టం చేసింది కూడా. "సంతకమే పెట్టకపోతే ఏ గొడవా ఉండదు కదా" అని అతని వాదన. మధ్యలో బావమరిది. కొట్టం పైకప్పు కారుతోంది, డబ్బు కావాలి, కానీ ఆ కుళాయి నీళ్ళు తాగేది తన పిల్లలు. ఒకటికి ఒకటి సరిపోయి మూడో ఓటు తనమీద పడింది. పైగా అటువైపు ఉన్నది అక్క మొగుడు. ఆ టెన్షన్ చూస్తే కాగితాల కన్నా ముందు దీన్ని తీర్చాలనిపించింది.

ఎల్‌ఎల్‌సీ ఒప్పందంలో అమ్మకానికీ తాకట్టుకీ ముగ్గురూ ఒప్పుకోవాలని ఉంది, మిగతా విషయాలకి ఇద్దరు చాలు. లీజు ఊసే లేదు. లీజంటే అద్దే కదా, ఇద్దరం చాలన్నారు బావగారు. లాయరుగారు ఒప్పుకోలేదు. పెన్సిల్వేనియాలో గ్యాస్ లీజు ఇంటి అద్దెలాంటిది కాదు, ఆస్తిహక్కు బదిలీ కిందికే వస్తుంది. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ దారిలోనే మాట్లాడింది. ఐదేళ్ళన్నది బావి వెయ్యడానికి గడువు మాత్రమే, బావి పడ్డాక గ్యాసు వచ్చినంత కాలం లీజు ఉంటుంది, అంటే ముప్ఫై ఏళ్ళు కూడా ఉండొచ్చు. కాబట్టి ముగ్గురి సంతకం లేకుండా ముందుకెళ్ళడం ప్రమాదం అని తేల్చారు. దానివల్ల వచ్చిన మేలు నేను ఊహించలేదు: మూడో ఓటు అన్న మాటే పోయింది, బావమరిది ఊపిరి పీల్చుకున్నాడు.

ఫ్రెండు వాదనలో సగం నిజం ఉంది. మార్సెలస్ విషయంలో పెన్సిల్వేనియాలో బలవంతంగా యూనిట్‌లో (ఒకే చోటి బావుల కింద కలిపి లెక్కగట్టే పొలాల మొత్తంలో) కలిపే చట్టం లేదు, సంతకం పెట్టకపోతే మన కింద బావి తొలవలేరు. కానీ రోడ్డవతలి పొలంలో ప్యాడ్ వేస్తే మనమేం చెయ్యలేం, లారీలు మన ఇంటి ముందు నుంచే పోతాయి. పగుళ్ళు మన హద్దు దాటి వచ్చాయని నిరూపించలేకపోతే, మన వైపు నుంచి గ్యాసు అటు జారిపోయినా అడిగే హక్కు లేదు. 2020లో బ్రిగ్స్ కేసులో వచ్చిన తీర్పు సారం అదే. సంతకం పెట్టనంత మాత్రాన నీళ్ళు భద్రం అనుకోవడానికి లేదు. ఇది విన్నాక అతను చాలాసేపు మాట్లాడలేదు.

ఏం ప్రయత్నించాం, ఏది బెడిసికొట్టింది

మొదట పక్క రైతులందరినీ కలుపుకుని గుంపుగా బేరమాడదామనుకున్నాం. 2008 ప్రాంతంలో ఇలాంటి గుంపులే ఎకరానికి వేల డాలర్లు రాబట్టాయి. అంతకు రెండేళ్ళ ముందు పాతిక డాలర్లకి సంతకం పెట్టినవాళ్ళు అదే ఊళ్ళో ఉన్నారు. కానీ ఇప్పుడు లీజు లేని పొలాలు ఎన్నని కౌంటీ రికార్డులు తీస్తే, చుట్టూ దాదాపు అన్నీ అప్పటి లీజుల కిందే ఉన్నాయి. ఒక మూలలో బావి నడుస్తున్నంత కాలం మిగతా ఎకరాలు కూడా కంపెనీ చేతిలోనే ఉంటాయి. గుంపు కట్టడానికి మనుషులే లేరు.

రెండోది, వేరే కంపెనీని పోటీకి తేవడం. అదీ అంతే. చుట్టూ ఉన్న ఎకరాలు ఒకడివైతే మధ్యలో వంద ఎకరాలు ఇంకొకడికి దేనికి పనికొస్తాయి? ఫోన్లు చేశాం, మర్యాదగా వద్దన్నారు.

ఇంతలో ల్యాండ్‌మ్యాన్ ఒక కొర్రీ పెట్టాడు. 1950ల నాటి డీడ్‌లో అప్పటి యజమాని "ఖనిజాల్లో సగం" తనకే ఉంచుకున్నాడట, కాబట్టి బోనస్ సగమే ఇస్తామన్నాడు. బావగారి మొహం వాడిపోయింది. లాయరుగారు మాత్రం కంగారుపడలేదు. ఈ రాష్ట్రంలో 1882 నుంచి ఒక సూత్రం ఉంది, డీడ్‌లో గ్యాసు అని విడిగా రాస్తే తప్ప ఖనిజాలంటే గ్యాసు రాదు. 2013లో సుప్రీంకోర్టు దాన్నే మళ్ళీ నిలబెట్టింది. ఒక్క ఉత్తరంతో ఆ కొర్రీ పోయింది. వేరే రాష్ట్రంలో అయితే పోయేది కాదేమో, అందుకే టెక్సస్‌లో ఉన్న మిత్రులు చెప్పినవి ఇక్కడ పనికిరావని అందరికీ చెబుతుంటాను.

మూడోది, రాయల్టీ శాతం. బావగారు 18ని 20 చెయ్యమని పట్టుబట్టారు. ఇక్కడ నేను ఒక కాగితం మీద లెక్క వేసి చూపించాను. అది ఈ కేసులో నాకు బాగా నచ్చిన ఘట్టం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చట్టం ప్రకారం కనీస రాయల్టీ ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం. కానీ గ్యాసు బావి నుంచి బయటికొచ్చాక దాన్ని పోగెయ్యడానికి, ఆరబెట్టడానికి, కంప్రెస్ చెయ్యడానికి, పైపులో పంపడానికి అయ్యే ఖర్చులో మన వాటా మినహాయించుకోవచ్చని 2010లో కిల్మర్ కేసులో కోర్టు చెప్పింది. లీజులో వద్దని రాస్తే తప్ప. అమ్మకం ధర వెయ్యి ఘనపుటడుగులకి 2 డాలర్లు, ఖర్చు 80 సెంట్లు అనుకుందాం. ఖర్చులు పోను 18 శాతం అంటే మనకొచ్చేది 21.6 సెంట్లు. ఖర్చులు తియ్యకుండా 15 శాతం అంటే 30 సెంట్లు. అదే ధర 6 డాలర్లయితే తారుమారు: 18 శాతానికి 93.6 సెంట్లు, 15 శాతానికి 90. రెండూ సమానమయ్యేది 4 డాలర్ల 80 సెంట్ల దగ్గర. కాబట్టి ఏ శాతం మేలన్నది ధర ఎక్కడ ఉంటుందని మీరు నమ్ముతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈశాన్య పెన్సిల్వేనియాలో పైపులైన్లు చాలక స్థానిక ధర, దేశమంతా కొలమానంగా చూసే హెన్రీ హబ్ ధర కంటే కిందే ఉంటూ వచ్చింది. న్యూయార్క్ వైపు వెళ్ళాల్సిన కాన్‌స్టిట్యూషన్ పైపులైను 2020లో రద్దయిపోయింది. నేనైతే 15 వైపే మొగ్గాను.

కంపెనీ మధ్యేమార్గం అంటూ ఒక క్లాజు పంపింది. గ్యాసు అమ్మకానికి సిద్ధమయ్యే దాకా ఖర్చు కంపెనీదే, ఆ తర్వాత దాని విలువ పెంచడానికి పెట్టే ఖర్చు మాత్రం పంచుకోవాలి అని. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. బావి నోటి దగ్గరే గ్యాసు అమ్మకానికి సిద్ధంగా ఉందని కంపెనీ అంటే అయిపోయింది, మళ్ళీ మొదటికే వస్తాం. లాయరుగారు దాన్ని కొట్టేసి పంపారు. వాళ్ళు మళ్ళీ పెట్టి పంపారు. నెలలు గడిచాయి. 2022 ఆగస్టులో హెన్రీ హబ్ ధర 9 డాలర్ల మీదికి పోయింది. బావగారి నుంచి రోజూ మెసేజీలు: "ఇప్పుడు పెట్టకపోతే ఎప్పుడండీ?" బావమరిదికి ఫోన్ చేసి "ఏరా, మీ లాయరు గ్యాసు అయిపోయాక సంతకం పెట్టిస్తాడా?" అన్నారట.

ఏది పనిచేసింది

ఆ దశలో మీటింగు పెట్టి ముగ్గురినీ ఒకటే అడిగాను: ఏది ఇవ్వడానికి మీరు ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోరు? విడివిడిగా రాసివ్వమన్నాను. బావమరిది "నేల మీద ప్యాడ్, ఇంటి నీళ్ళు" అని రాశాడు. ఫ్రెండు "ఫ్రాకింగ్ మురికినీళ్ళు మా భూమిలోకి దింపడం" అని రాశాడు. బావగారి కాగితం మీద ఏమీ లేదు, ఆయనకి వదులుకోలేనిదంటూ లేదు, డబ్బు రావాలంతే. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే గొడవే లేదని తేలింది. గ్యాసు ఇవ్వచ్చు, నేల ఇవ్వక్కర్లేదు.

లీజుని నాన్-సర్ఫేస్ లీజుగా మార్చమన్నాం. బావులు పక్క పొలంలోని ప్యాడ్ నుంచి మన కిందికి రావచ్చు. మన నేల మీద ప్యాడ్, రోడ్డు, నీళ్ళ చెరువు, పైపు, ఏదీ ఉండకూడదు. మురికినీళ్ళు దింపడానికీ గ్యాసు నిల్వ చెయ్యడానికీ మన భూగర్భాన్ని వాడకూడదు. యూనిట్‌లో కలవని ఎకరాలు గడువు తీరగానే వెనక్కి రావాలి, దీన్నే పగ్ క్లాజు అంటారు. బావి మూసి ఉంచి నామమాత్రం చెల్లింపుతో లీజుని ఏళ్ళ తరబడి ఈడ్చకుండా దానికీ గడువు పెట్టాం. ఐదేళ్ళ పొడిగింపు హక్కు తీసేశాం. రాయల్టీ 15 శాతం, ఖర్చులు తియ్యకూడదు.

ఇదంతా కంపెనీ ఎందుకు ఒప్పుకుంది? ప్యాడ్‌కి వాళ్ళకి పక్క పొలం అప్పటికే ఉంది. మాది వాళ్ళకి అడ్డంగా పోయే బావి దారిలో ఉన్న ఖాళీ, చుట్టూ తిరగడం కంటే కింద నుంచి పోవడం చౌక. అది మ్యాప్ చూస్తే అర్థమైంది. దానికి బదులుగా బోనస్ దాదాపు మూడో వంతు తగ్గింది. బావగారికి అదే కష్టంగా తోచింది. కానీ పన్ను లెక్కలో ఆ తగ్గుదల కనిపించినంత పెద్దది కాదు. బోనస్ మామూలు ఆదాయం కింద ఆ ఏడాదే ఆయన జీతం మీద పైస్లాబులో పడుతుంది. రాయల్టీ అయితే ఏళ్ళ మీద వస్తుంది, పైగా ఫెడరల్ లెక్కలో 15 శాతం డిప్లీషన్ (గ్యాసు తరిగిపోతున్నందుకు ఇచ్చే) మినహాయింపు దొరుకుతుంది. క్లీన్ అండ్ గ్రీన్ భూమిలో ప్యాడ్ వేసి ఉంటే, 2010 సవరణ తర్వాత కూడా, ఆ మేరకు ఏడేళ్ళ పన్ను తేడా 6 శాతం వడ్డీతో కట్టాల్సి వచ్చేది. నేల ముట్టుకోలేదు కాబట్టి ఆ బెడద లేదు. గడ్డి కోసుకునే రైతుకి కూడా ఈ సందర్భంలోనే రెండు పేజీల కాగితం రాయించాం. అతను మొదట నొచ్చుకున్నాడు, మాట చాలదా అని.

ఇంక నీళ్ళు. 2012 నాటి రాష్ట్ర చట్టం 13 ప్రకారం ఇంటికీ నీళ్ళబోరుకీ 500 అడుగుల లోపు ఇలాంటి బావి తవ్వకూడదు. 2,500 అడుగుల లోపల ఉన్న బోరు, పనులయ్యాక 12 నెలల్లోపు చెడితే తప్పు కంపెనీదేనని ముందుగా భావిస్తారు, కాదని వాళ్ళే నిరూపించుకోవాలి. ముందస్తు పరీక్షకి మనం ఒప్పుకోకపోతే ఆ రక్షణ పోతుంది. దూరం ఎంతైనా, గడువు ఎంతైనా మా బోరుకి అదే రక్షణ ఉండాలని అడిగాం. 3,500 అడుగులు, 24 నెలలకి ఒప్పుకున్నారు.

పరీక్ష కంపెనీ ల్యాబ్‌తో కాకుండా, గుర్తింపు ఉన్న వేరే ల్యాబ్‌తో చేయించాం. ఆ మనిషి వచ్చి బయటి కుళాయి జాలీ విప్పి, నీళ్ళు చాలాసేపు వదిలి, ప్రెజర్ ట్యాంకు ముందు నుంచి సీసాలు నింపి, మూతల మీద టైము రాసి, సీలు వేసి తీసుకెళ్ళాడు. పెద్దాయన పక్కనే నిలబడి ప్రతి సీసా మీదా ఏం రాశాడో చదివించుకున్నారు. మీథేన్, బేరియం, క్లోరైడ్, స్ట్రాన్షియం, బ్రోమైడ్ అన్నీ చూశారు. రిపోర్టులో అందరినీ ఉలిక్కిపడేలా చేసింది ఒకటే: ఒక్క బావీ తవ్వకముందే నీళ్ళలో కొద్దిగా మీథేన్ ఉంది. ఆ ప్రాంతంలో అది అరుదు కాదు. లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే కనిపెట్టుకుని ఉండాలంటారు, ఇది అంతకు బాగా తక్కువ. ఈ అంకె ముందే చేతిలో లేకపోతే, రేపు కొంచెం పెరిగినా పాతదే అని వాళ్ళంటారు, కొత్తదే అని మనమంటాం. ఇంట్లో మీథేన్ అలారం పెట్టించారు, బోరు మూతకి గాలి పోయే గొట్టం బిగించారు. ఫ్రాకింగ్ ఉన్నా లేకపోయినా చేయించాల్సిన పనే. పెన్సిల్వేనియాలో ప్రైవేటు బోర్లు ఎలా వెయ్యాలో చెప్పే రాష్ట్ర నిబంధనలే లేవు, ఎవరి జాగ్రత్త వాళ్ళదే.

2022 చివర్లో ముగ్గురూ సంతకాలు పెట్టారు.

ఆ తర్వాత

2023లో రోడ్డవతల ప్యాడ్ వచ్చింది. కొన్ని నెలలు రాత్రీ పగలూ లారీలు, లైట్లు, కంప్రెసర్ల మోత. పిల్లలకి నిద్ర లేదు, బావమరిది భార్య పుట్టింటికెళ్ళి కొన్నాళ్ళు ఉంది. నాన్-సర్ఫేస్ లీజు దీన్ని ఆపలేదు, ఆపలేదని ముందే చెప్పాం, అయినా విన్నది వేరు, అనుభవించింది వేరు. రెండు పోస్ట్-డ్రిల్ పరీక్షల్లోనూ నీళ్ళలో మార్పు లేదు.

డివిజన్ ఆర్డర్ (ఎవరికెంత వాటా అని కంపెనీ పంపే కాగితం) వచ్చినప్పుడు ప్రతివాళ్ళూ దశాంశం చూసుకోవాలి. మన ఎకరాల్ని యూనిట్ ఎకరాలతో భాగించి రాయల్టీ శాతంతో హెచ్చవేస్తే వచ్చేది అది. వంద ఎకరాలు, 640 ఎకరాల యూనిట్, 15 శాతం అయితే 0.0234375. వీళ్ళకొచ్చిన కాగితంలో సరిగ్గా అందులో సగం ఉంది! ఆ 1950ల డీడ్ కొర్రీ కంపెనీ కంప్యూటర్లో అలాగే ఉండిపోయింది. సంతకం పెట్టకుండా పాత ఉత్తరం జతచేసి వెనక్కి పంపాం, సరిచేశారు.

మొదటి చెక్కు 2024లో వచ్చింది. ఆ ఏడాది హెన్రీ హబ్ సగటు ధర 2.19 డాలర్లు, స్థానికంగా ఇంకా తక్కువ. 2022 ఆగస్టు ధరలు మనసులో పెట్టుకున్న బావగారికి ఆ అంకె చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 18 శాతం పెట్టి ఉంటే ఇంకెంత తగ్గేదో చూపించాక కొంచెం తేరుకున్నారు. షేల్ బావి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది కాబట్టి మంచి ధర వచ్చేసరికి గ్యాసు తగ్గి ఉంటుంది. కొట్టం పైకప్పు మాత్రం అయింది.

ఈ మధ్య ఇంకో ఉత్తరం వచ్చింది. పోగుచేసే పైపులైను మన పొలం అంచు నుంచి పోనిస్తారా అని. లీజులో పైపు హక్కు ఇవ్వలేదు కాబట్టి అడగాల్సి వచ్చింది. దీనికి విడిగా డబ్బు, విడిగా కాగితం, పన్ను లెక్క కూడా వేరే. శాశ్వత ఈజ్‌మెంట్ (నేల వాడుకునే హక్కు) అయితే చాలాసార్లు ఆ మొత్తాన్ని ముందు భూమి కొన్న ఖరీదులోంచి తగ్గించుకోవచ్చు. ముగ్గురూ మాట్లాడుకుని షరతులు పంపారు: ఒకే పైపు, ఇంకోటి వెయ్యాలంటే మళ్ళీ అడగాలి; పైమట్టి, అడుగుమట్టి విడివిడిగా తీసి అదే వరసలో పూడ్చాలి; రెండో గడ్డికోత అయ్యేదాకా పొలంలోకి దిగకూడదు; పైపు వాడకం ఆగిన రెండేళ్ళకి హక్కు రద్దవ్వాలి. కంపెనీ మొదటి మూడింటికి సరేనంది, నాలుగోదాని మీద బేరం నడుస్తోంది.